సిరాబుడ్డిలో పడ్డ పిల్లికూన

పూర్వం చైనా దేశంలో ఒక న్యాయాధికారి ఉండేవాడు. బుద్ధి తక్కువ, అధికారం ఎక్కువ. పొద్దు పొడిచినది మొదలు శాసనాలు చేయటమే ఆయనకు పని. సూర్యుడు అస్తమించేవరకు ప్రజలెవ్వరూ పాడవలదని ఒకనాడు కొత్త శాసనం వ్రాయించాడు. ఆ గదిలోనే అల్మరా మీద ఒక తెల్లని పిల్లికూన ఉన్నది. అది అక్కడినుండి దూకి సిరాబుడ్డిలో పడింది. నల్లబడిన మూతితో, నల్లబడిన పాదాలతో శాసనపత్రం మీదికి చేరేసరికి, నిషేధాన్ని తెలిపే ఒకే ఒక్క మాట సిరామరకలో కలిసిపోయింది. శాసనాలు చదివి వినిపించే ఉద్యోగికి పత్రంలో కనిపించినది చదవటం తప్ప వేరే పని లేదు. కనుక సూర్యుడు అస్తమించేవరకు ప్రజలు పాడవలెనని చదివాడు. ఊరంతా పాట ఎత్తుకున్నది. అధికారి మొదట మండిపడ్డాడు. తీరా వింటే ఆ పాటలు తనను పొగుడుతున్నవే. అంతటితో ఆయన మనస్సు కరిగింది. ఇకమీదట చైనాలోని పిల్లులన్నింటికీ ముఖమూ, చెవులూ, పాదాలూ, తోకా నల్లగానే ఉండవలెనని మరొక శాసనం చేశాడు.

ఎమీ టాన్ అనే చైనా సంతతి అమెరికా రచయిత్రి 1994లో ఆంగ్లంలో ప్రచురించిన పిల్లల బొమ్మల పుస్తకంలోని కథ ఇది. బొమ్మలు వేసినవారు గ్రెచెన్ షీల్డ్స్. ఆ చిన్న పుస్తకాన్ని ఆధారంగా తీసుకొని కెనడా దేశపు మాంట్రియల్ నగరానికి చెందిన సినీగ్రూప్, అమెరికాకు చెందిన సెసమీ వర్క్‌షాప్ కలిసి 'సాగ్వా, ది చైనీస్ సయామీస్ క్యాట్' అనే యానిమేషన్ ధారావాహికను నిర్మించాయి. అమెరికాలోని పి.బి.ఎస్. ప్రసార సంస్థ 2001 సెప్టెంబరు 3వ తేదీన దానిని మొదలుపెట్టింది. అరగంట నిడివి గల భాగాలు మొత్తం 40; ఒక్కొక్క భాగంలో రెండేసి కథలు. రెండు కథల నడుమ, వేరువేరు సంస్కృతులకు చెందిన నిజమైన పిల్లలు తమ ఇంటి ఆచారాలను, ఆటపాటలను చూపించే చిన్న చిత్రం ఒకటి వస్తుంది.

మన ఉద్యోగుల ఇళ్లలో చాలామందికి ఈ పిల్లుల కుటుంబం పరిచయం లేకపోవచ్చు. అయితే వేసవి సెలవులకు అమెరికా నుండి మనుమలూ మనుమరాండ్రూ దిగే ఇళ్లు మన టౌన్‌షిప్‌లో తక్కువేమీ కావు. ఆ పిల్లల ద్వారానే ఇది నా కంటబడింది. పిల్లల బొమ్మలే కదా అని ఒక కథ చూశాను. ఆ తరువాత వరుసగా చాలా చూశాను. చూస్తున్నకొద్దీ అందులో చైనా ఎంత, కల్పన ఎంత అనే ప్రశ్న వెంటాడింది. లెక్క చూడనిదే ఊరుకోలేని ఇంజనీరు బుద్ధి అది. ఆ లెక్కనే ఇక్కడ పాఠకుల ముందు పెడుతున్నాను.

కథాకాలం చింగ్ రాజవంశపు చివరి రోజులు. ఆ వంశం 1644 నుండి 1912 వరకు చైనాను ఏలింది. న్యాయాధికారి ఇంట పుట్టిపెరిగిన మియావ్ కుటుంబం ఒకటి. చైనా భాషలో పిల్లిని 'మావ్' అంటారు, దాని అరుపు 'మియావ్'. పిల్లుల ఇంటిపేరు అదే! తల్లి మామా మియావ్, తండ్రి బాబా మియావ్, వారికి ముగ్గురు సంతానం. పెద్దవాడు దోంగ్వా, నడిమిది సాగ్వా, చిన్నది షీగ్వా. ఈ మూడు పేర్లలోనూ చివరనున్న 'గ్వా' అంటే పాదుకు కాసే కాయ. దోంగ్వా అంటే మనం వడియాలు పెట్టుకునే బూడిద గుమ్మడికాయ. షీగ్వా అంటే పుచ్చకాయ. పడమటి దేశాల నుండి వచ్చిన కాయ అని ఆ మాటకు అక్షరార్థం. ఇక సాగ్వా అంటే వెర్రికాయ. చైనాలో నేటికీ తెలివితక్కువ వారిని ఆ మాటతోనే పిలుస్తారు. కోపంతో అంటే తిట్టు, ఒడిలో కూర్చోబెట్టుకొని అంటే ముద్దు. మన ఇళ్లలో 'వెర్రిమొద్దు' అనే మాట కూడా రెండు విధాలా పలుకుతుంది కదా!

ఈ ఇంట్లో నైనై, యేయే అనే ముసలి పిల్లులు కూడా ఉన్నాయి. నైనై అంటే తండ్రికి తల్లి. మన నాయనమ్మ వినిపించినట్లు లేదూ? రెండు మాటలకూ చుట్టరికం ఏమీ లేదు, చెవికి తోచిన పోలిక మాత్రమే. అసలు పోలిక మరొకచోట ఉన్నది. తల్లికి తల్లిని పిలవటానికి చైనా భాషలో వేరే మాట ఉన్నది. అన్నకు ఒక మాట, తమ్ముడికి ఒక మాట, అక్కకూ చెల్లెలికీ వేరువేరు మాటలు ఉన్నాయి. ఆంగ్లంలో తోబుట్టువు పెద్దో చిన్నో తెలియాలంటే ఇంకొక మాట తగిలించాలి. తెలుగు పిల్లవాడు ఆంగ్లంలో చెప్పుకోలేని బంధుత్వాలు చైనా పిల్లవాడి నోట ఒక్కమాటలో పలుకుతాయి. చిన్నవారు పెద్దల ముందు ఎట్లా మెలగుతారో, పెద్దవాడైన దోంగ్వా చెల్లెళ్ల బాధ్యత తన నెత్తిన ఉన్నదని ఎట్లా బిగుసుకుంటాడో చూస్తే మనకు ప్రత్యేకంగా వివరించి చెప్పవలసిన పని ఉండదు.

సాగ్వాకు ప్రాణస్నేహితుడు ఒక గబ్బిలం, పేరు ఫూఫూ. మన ఊళ్లలో గబ్బిలం ఇంట్లో దూరితే శాంతి చేయించేవారు. చైనాలో గబ్బిలం శుభసూచకం. గబ్బిలాన్ని సూచించే మాటా, భాగ్యాన్ని సూచించే మాటా అక్కడ ఒకే ధ్వనితో 'ఫూ' అని పలుకుతాయి. అందుకే అక్కడి పింగాణీ పాత్రల మీద, పట్టుబట్టల మీద ఐదు గబ్బిలాలను చిత్రించి ఐదు భాగ్యాలు కలగాలని కోరుకుంటారు. ధారావాహికలో ఈ సంగతిని ఎవరూ ఆగి చెప్పరు. గబ్బిలం స్నేహితుడై తిరుగుతుంటుంది, అంతే. ఇటువంటి చోట్ల నాకు ఈ కథల మీద గౌరవం కలిగింది.

ఇక న్యాయాధికారి సంగతి. ధారావాహికలో ఆయన నివాసం రాజభవనంలా ఉంటుంది. వాస్తవంలో ఆయన చక్రవర్తి పాలనలో అట్టడుగు మెట్టు మీది అధికారి. చింగ్ పాలనలో దేశం సుమారు 1,300 తాలూకాల వంటి విభాగాలుగా ఉండేది. ఒక్కొక్కదానికి ఒక అధికారి. శిస్తు వసూలు చేసేదీ, తగవు తీర్చేదీ, దొంగను పట్టించేదీ ఆయనే. మన తహసీల్దారు, మున్సిఫు, పోలీసు ఇన్‌స్పెక్టరు ముగ్గురినీ కలిపి ఒక కుర్చీలో కూర్చోబెట్టినట్లు ఊహించుకోవచ్చు. 'యామెన్' అనే ఆయన కచేరీకి వెనుకభాగంలోనే కాపురం. ప్రజలు ఆయనను తల్లిదండ్రుల వంటి అధికారి అని వ్యవహరించేవారు.

ఒక నియమం మాత్రం గట్టిది. అధికారిని ఆయన సొంత రాష్ట్రంలో నియమించరాదు. బంధుప్రీతిని అరికట్టటానికి చేసిన ఏర్పాటు ఇది. మంచి ఉద్దేశమే. ఫలితం ఏమిటంటే, పరీక్షలు గట్టెక్కి, ప్రాచీన గ్రంథాలు కంఠస్థం చేసి వచ్చిన దొరగారికి తాను ఏలే ప్రాంతపు మాట అర్థం కాదు. కొన్నేళ్లకు బదిలీ. స్థానికులైన గుమాస్తాలు మాత్రం తరతరాలుగా అక్కడే ఉంటారు. దస్తావేజు ఎక్కడున్నదో వారికే తెలుసు, ఏ మాట ఎట్లా వ్రాస్తే ఏమవుతుందో వారికే తెలుసు. కరణంగారి కలం ఎంత పని చేసేదో మన పల్లెల్లో పెద్దవారిని అడిగితే చెబుతారు.

ధారావాహికలో ఆ గుమాస్తాల స్థానంలో పిల్లులున్నాయి. మామా మియావ్, బాబా మియావ్ తమ తోకలను సిరాలో ముంచి అధికారి శాసనాలను అందమైన లిపిలో వ్రాస్తారు. అది ఆ ఇంటి పిల్లుల కులవృత్తి. నవ్వు పుట్టించటానికి చేసిన కల్పనలా కనిపించినా, చరిత్ర తెలిసినవారికి ఇందులో ఎత్తిపొడుపు వినిపిస్తుంది. శాసనం చేసేవాడు ఒకడు, వ్రాసే చేయి మరొకటి. ఆ చేతి దయాదాక్షిణ్యాల మీద ఊరు బ్రతుకుతుంది. అధికారి భార్య తైతై ముందు ఆయన అధికారం ఎంతవరకు నిలుస్తుందో, అది వేరే సంగతి.

సిరా చెరిపిన ఆ ఒక్క మాట దగ్గర కొంచెం ఆగాలి. చైనా లిపిలో 'కాదు, వద్దు' అనే అర్థాన్నిచ్చే 'బూ' అనే అక్షరం నాలుగే గీతలు. క్రియకు ముందు నిలుస్తుంది. దాని మీద చుక్క సిరా పడితే మిగిలిన వాక్యం చెక్కుచెదరదు, అర్థం తలక్రిందులవుతుంది. తెలుగులో నిషేధం క్రియను అంటిపెట్టుకొని చివరన ఉంటుంది. 'పాడవలెను', 'పాడవలదు' అన్న రెండు మాటలను పక్కపక్కన వ్రాసి చూడండి. మన సాగ్వా రెండక్షరాలు దిద్దవలసి ఉంటుంది. మసి పూసి మారేడుకాయ చేయటం అనే మాట మనకు ఉండనే ఉన్నది. ఈ పిల్లికూన అక్షరాలా మసి పూసింది, పైగా దానివల్ల ఊరికి మేలు జరిగింది.

కర్మాగారంలో పనిచేసే మనకు ఇది నవ్వులాట సంగతి కాదు. చాలా ఏళ్ల క్రితం నేను పని మీద వెళ్లిన ఒక కర్మాగారంలో ఒక స్విచ్ గేరు పెట్టెకు వ్రేలాడదీసిన హెచ్చరిక చీటీ చూశాను. మరమ్మతు జరుగుతున్నదనీ, స్విచ్ వేయరాదనీ దాని మీద చేతితో వ్రాసినది. కప్పు నుండి వానచినుకులు కారి చివరి అక్షరాలు అలుక్కుపోయాయి. 'స్విచ్ వేయ' అన్నంతవరకు స్పష్టంగా ఉన్నది. దాని అవతలి కొసన మనుషులు తీగల మీద పనిచేస్తున్నారు. అదృష్టవశాత్తు ఎవరికీ ఏమీ కాలేదు. నిషేధాన్ని ఒక్క మాట మీద వదలకూడదనే ఈనాడు ఎర్రని వలయమూ, దానికి అడ్డగీతా, బొమ్మా పెడుతున్నాము. మాట చెరిగినా గీత నిలుస్తుంది. తాళం వేసి తాళంచెవి పనిచేసేవాడి జేబులో ఉంచే పద్ధతి అంతకంటె మేలు. న్యాయాధికారి కచేరీలో ఆ ఏర్పాటు ఉంటే ఎమీ టాన్‌కు కథ దొరికేది కాదు!

ఇంతకూ ఆ సిరా ఏమిటి? దేవదారు జాతి కట్టెలను, లేదా నూనె దీపాన్ని గాలి చాలనట్లుగా మండించి, పట్టిన మసిని జంతుచర్మం నుండి తీసిన జిగురుతో కలిపి, ముద్దగా మర్దించి, అచ్చులో పోసి ఆరబెడతారు. అది కడ్డీగా తయారవుతుంది. వ్రాసేటప్పుడు రాతిపలక మీద నీటిచుక్కలు వేసి ఆ కడ్డీని అరగదీస్తారు. కుంచె, సిరాకడ్డీ, కాగితం, రాతిపలక - ఈ నాలుగింటినీ చదువుకున్నవాని గదిలోని నాలుగు నిధులని చైనావారు చెబుతారు. మసి అంటే కర్బనం. ఎండకు వెలవదు, పురుగు తినదు, ఆమ్లానికి లొంగదు. జిగురు చేసే పని ఏమిటంటే, ఆ నలుసులు నీటిలో ఒకదానినొకటి అంటుకొని అడుగుకు పేరుకోకుండా కాపాడటం.

ఇంజనీరింగు కళాశాలలో డ్రాయింగు బల్లల ముందు నిలబడి ట్రేసింగు కాగితం మీద గీతలు గీసినవారికి ఈ సిరా పాత మిత్రుడే. దానిని మనం ఇండియన్ ఇంక్ అన్నాము. పేరులో మన దేశం ఉన్నప్పటికీ, ఆ పేరుతో ఐరోపావారు ఎరిగినది చైనా సిరానే. మన తాళపత్రాలలోనూ ఉన్నది మసియే. గంటంతో అక్షరం గీకి, తరువాత మసి రాసి తుడిస్తే గీతలో నలుపు నిలుస్తుంది. అక్కడ ముందు సిరా, పిదప అక్షరం. ఇక్కడ ముందు అక్షరం, పిదప సిరా. తాటాకు మీద సాగ్వా ఎంత దొర్లినా గీసిన నిషేధం చెరిగేది కాదు. సిరాబుడ్డిని పూర్వం 'మసిబుర్ర' అనేవారని నిఘంటువులు చెబుతాయి.

పోయిన వేసవిలో అమెరికా నుండి వచ్చిన మా మేనకోడలి కూతురు, ఆరేళ్ల పిల్ల, ఈ కథ చూస్తూ నన్ను అడిగింది.

"తాతయ్యా, పిల్లి నాక్కుంటే సిరా పోతుంది కదా?"

"పోతుంది" అన్నాను.

"మరి దాని పిల్లలకు ఎట్లా వచ్చింది?"

"పిల్లలకు కథ చెప్పేటప్పుడు అంత లోతుకు వెళ్లకు మావయ్యా, దాని సరదా పోతుంది" అన్నది మా మేనకోడలు వంటింటి నుండి.

ఈ మాటతో నాకు పొత్తు కుదరలేదు. పిల్ల అడిగిన రెండవ ప్రశ్న జీవశాస్త్రాన్ని చాలాకాలం వేధించిన ప్రశ్న. బ్రతుకుకాలంలో శరీరానికి అంటినది సంతానానికి సంక్రమిస్తుందా? సిరా సంక్రమించదు. అధికారి ఎన్ని శాసనాలు చేసినా పిల్లులు నల్లబడవు. అయితే సయామీ పిల్లి ముఖమూ, చెవులూ, పాదాలూ, తోకా మాత్రమే ఎందుకు నల్లగా ఉంటాయన్నదానికి ప్రకృతి చేసుకున్న ఏర్పాటు కథకు ఏమాత్రం తీసిపోదు. దానిని ఆ పిల్లకు చెప్పినట్లే ఇక్కడా చెబుతాను.

వెంట్రుకకు రంగునిచ్చే పదార్థం మెలనిన్. దానిని తయారుచేయటానికి టైరొసినేజ్ అనే ఎంజైము కావాలి. సయామీ పిల్లిలో ఆ ఎంజైమును నిర్ణయించే జన్యువులో చిన్న మార్పు ఉన్నది. ఒకే ఒక్క అక్షరం మారినట్లనుకోండి. ఆ మార్పు వలన ఎంజైము పిల్లి ఒంటివేడికి తట్టుకోలేక పని మానుతుంది. అంతకంటె కొన్ని డిగ్రీలు చల్లగా ఉన్నచోట పనిచేస్తుంది. పిల్లి ఒంటివేడి 38 డిగ్రీలకు పైచిలుకు. గుండెకు దూరంగా, గాలికి ఎదురుగా ఉండే చెవులు, మూతి, పాదాలు, తోక చల్లగా ఉంటాయి. అక్కడ నలుపు పుడుతుంది. కడుపూ వీపూ వెచ్చగా ఉంటాయి గనుక పాలమీగడ రంగులో మిగిలిపోతాయి. బేరింగుల మీద, బస్‌బారు కలయికల మీద మనం అంటించే ఉష్ణోగ్రత సూచక పట్టీలు వేడెక్కితే నల్లబడతాయి. ఈ పిల్లి చర్మం అందుకు వ్యతిరేకదిశలో పనిచేసే పట్టీ. ఒంటి మీద ఎక్కడెక్కడ ఎంత చల్లగా ఉన్నదో వెంట్రుకలతో గీసిన పటమే దాని రంగు.

రుజువు కావాలంటే పుట్టిన కూనను చూడాలి. తల్లి గర్భంలో అంతటా ఒకే వెచ్చదనం. కాబట్టి సయామీ పిల్లికూన తెల్లగానే పుడుతుంది. వారాలు గడిచేకొద్దీ చెవుల కొనలు, ముక్కు, తోక నల్లబడుతూ వస్తాయి. వయస్సు పైబడ్డ పిల్లి ఒళ్లంతా కూడా కొంత ముదురుతుంది. 1930లో రష్యా శాస్త్రజ్ఞులు ఇల్యిన్‌లు ఒక పరిశోధన ప్రకటించారు. సయామీ పిల్లి ఒంటిమీద కొంతమేర వెంట్రుకలు గొరిగి, దానిని చలిలో ఉంచితే తిరిగి మొలిచినవి నల్లగా వచ్చాయి. ఆ మార్పు టైరొసినేజ్ జన్యువులో ఎక్కడున్నదో 2005లో గుర్తించారు.

అంటే కథలోని సాగ్వా తెల్లగా పుట్టి తరువాత నల్లబడటం నూటికి నూరుపాళ్లు నిజం! కారణం ఒక్కటే కల్పన. ఇది విన్న మా మనుమరాలికి సరదా ఏమీ తగ్గలేదు. ఇంటి వెనుక తిరిగే చారలపిల్లిని పట్టుకొని దాని చెవి చల్లగా ఉన్నదో లేదో చూడటానికి రెండు రోజులు తిరిగింది. గీకించుకొని వచ్చింది కూడా.

మరొక అభ్యంతరం ఉన్నది. ఈ జాతి పిల్లి చైనాది కాదు. పేరే చెబుతున్నట్లు సయాం దేశానిది. ఆ దేశం పేరు 1939లో థాయిలాండుగా మారింది. అక్కడి పాత వ్రాతప్రతులలో ఈ పిల్లుల బొమ్మలూ లక్షణాలూ ఉన్నాయి. పుస్తకంలో తల్లిపిల్లి తన కూనలను కూర్చోబెట్టుకొని, మీరు సయామీలు కారు, చైనా పిల్లులు అని చెబుతుంది. చరిత్ర దృష్ట్యా ఇది తప్పు. థాయి చదువరికి కష్టం కలిగినా ఆశ్చర్యం లేదు. సయామీ పిల్లుల తోక కొన వంకరకు, మెల్లకన్నుకు కూడా పాత కథలున్నాయి: స్నానానికి వెళ్లిన రాకుమారి తన ఉంగరాలను పిల్లి తోకకు తొడిగిందట, అవి జారకుండా తోక వంగిందట. అవి సయాం పేరు మీద చెప్పే కథలు. ఎమీ టాన్ ఆ పిల్లిని తన ఇంటికి తెచ్చుకొని కొత్త కథ చెప్పారు.

అయినా ఆమె అట్లా ఎందుకు చెప్పారో ఆలోచిస్తే నాకు తప్పు పట్టబుద్ధి కాలేదు. ఎమీ టాన్ 1952లో కాలిఫోర్నియాలోని ఓక్లాండులో పుట్టారు. తండ్రి జాన్ టాన్ ఎలక్ట్రికల్ ఇంజనీరు, క్రైస్తవ బోధకుడు కూడా. ఆమెకు పదిహేనేళ్ల వయస్సు ప్రాంతంలో తండ్రీ, అన్నగారూ కొద్దినెలల తేడాతో మెదడులో కణుతులతో మరణించారు. తల్లి డెయిజీ చైనాలో మొదటి వివాహపు కుమార్తెలను వదిలి వచ్చిన మనిషి. అమెరికాలో పెరిగిన కూతురికి ఆ దేశం తల్లి మాటలలో విన్నదే. 1987లో తల్లితో కలిసి చైనా వెళ్లి, అక్కడి అక్కలను కలిసేనాటికి ఆమెకు ముప్పై అయిదేళ్లు. రెండేళ్లకు, 1989లో, 'ది జాయ్ లక్ క్లబ్' నవల వెలువడి ఆమెకు పేరు తెచ్చింది.

మీరు ఈ దేశపువారమని అనుకుంటున్నారు, కాదు, మీ పూర్వులది వేరే దేశం - అని తల్లిపిల్లి కూనలతో చెప్పే మాట వెనుక ఈ జీవితం ఉన్నది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పుట్టిన తెలుగు పిల్లలకు రాత్రిపూట ఫోనులో అమ్మమ్మలు చెప్పే మాట కూడా ఇదే. ఆ పిల్లలు వినే ఆంధ్రదేశం కూడా సగం నిజం, సగం అమ్మమ్మ జ్ఞాపకం. అందులో ఎప్పుడూ మామిడికాయలే ఉంటాయి, కరెంటు కోత ఉండదు. సాగ్వా చైనాలో కూడా అంతే. ఆ కాలపు నల్లమందు యుద్ధాలు, కరవులు, ఆడపిల్లల పాదాలు బిగించి కట్టటం - వీటి ఊసు పెద్దగా ఉండదు. అయిదారేళ్ల పిల్లల కోసం తీసినదానిలో ఇవి ఉండాలని నేను అనను. కాని పిల్ల పెరిగి పదేళ్లు దాటాక, ఆ గోడ అవతల ఏమున్నదో చెప్పే పెద్దవారు ఇంట్లో ఉండాలి.

నాకు నచ్చనివి వేరే ఉన్నాయి. కొన్ని కథలలో నీతి కథకంటె ముందు నడుస్తుంది. తప్పు చేయటం, బాధపడటం, క్షమాపణ చెప్పటం అరగంటలో రెండుసార్లు జరిగిపోతే పిల్లలకు చివర ఏమవుతుందో ముందే తెలిసిపోతుంది. ఇంటి పిల్లులకూ వీధిపిల్లులకూ నడుమ నడిచే కథలు మాత్రం ఇందుకు మినహాయింపు. కడుపునిండిన పిల్లికి ఆకలిగొన్న పిల్లి ఎట్లా కనిపిస్తుందో, వీధిపిల్లికి భవనం ఎట్లా కనిపిస్తుందో రెండువైపులా చూపించారు. ఆ సందర్భంలో మన తెనాలి రామకృష్ణుని పిల్లి గుర్తుకు వస్తుంది. రాయలవారు పిల్లులను పెంచమని ఇంటింటికీ పిల్లినీ ఆవునూ ఇచ్చారు. రామకృష్ణుడు మొదటిరోజునే సలసలకాగే పాలు పెట్టాడు. ఆపై పాలు చూస్తే చాలు, పిల్లి పరుగో పరుగు. మన కథలో పిల్లికి పేరు లేదు, నోరు లేదు. మూతి కాలింది దానిది, పేరు కవిది. రాజుగారి వెర్రి ఆజ్ఞను పిల్లివైపు నుండి చెప్పిన కథ మన భాషలో ఎవరైనా వ్రాస్తే చదవాలని ఉన్నది.

చైనాను చైనావారే బొమ్మలకెత్తిన తీరును చూడకుండా ఈ ప్రసంగం ముగించటం న్యాయం కాదు. షాంఘై యానిమేషన్ చిత్రశాల 1960లో నీటిసిరా చిత్రకళనే కదిలించింది. తల్లిని వెదుక్కుంటూ తిరిగే తోకకప్పల కథ అది. చీ పైషీ అనే మహాచిత్రకారుని బొమ్మలు దానికి ఆధారం. దానిని తీర్చిన బృందానికి పెద్ద తే వై. మనం చూసే కార్టూన్లలో ప్రతి ఆకారానికీ చుట్టూ ఒక గీత ఉంటుంది, లోపల రంగు నింపుతారు. సాగ్వా ధారావాహిక కూడా ఆ పద్ధతిదే. తే వై చిత్రంలో చుట్టుగీత లేదు. తడికాగితం మీద సిరా ఎట్లా వ్యాపిస్తుందో తోకకప్ప అట్లాగే ఉంటుంది, అట్లాగే ఈదుతుంది. ఒక్కొక్క కదలికకు ఎన్నో పొరల సిరాఛాయలను వేరువేరుగా గీసి, ఒకదానిపై ఒకటి ఛాయాగ్రహణం చేయవలసి వచ్చింది. అందుకే అటువంటి చిత్రాలు చాలా తక్కువ. పదిహేను నిమిషాలు ఖర్చుపెట్టి చూడదగినది. మాటలు రాకపోయినా పిల్లలకు అర్థమవుతుంది. 1984లో అదే చిత్రశాల నల్లపిల్లి పోలీసు అధికారి కథలను మొదలుపెట్టింది. చైనాలో ఆనాటి పిల్లలందరికీ తెలిసిన పిల్లి అదే. తుపాకి పట్టుకొని మోటారుసైకిలు మీద తిరిగే ఆ పిల్లికీ, తోకతో అందంగా అక్షరాలు వ్రాసే మియావ్ దంపతులకూ ఎంత దూరమో!

ఇంట్లో పిల్లలు ఈ కథలు చూసి సిరా ఎట్లా చేస్తారని అడిగితే, మన ఇళ్లలో దొరికే వస్తువులతోనే చూపించవచ్చు. పెద్దవారు దగ్గర ఉండాలి. ఆముదం దీపం వెలిగించి, వత్తి మీదుగా రాగిపళ్లెం బోర్లించి కాటుక పట్టే పద్ధతి అమ్మమ్మలకు తెలుసు. పళ్లెం చల్లారాక మసిని మెత్తని ఈకతో గీకి తీయాలి. నెయ్యి, నూనె తగలనీయరాదు. తుమ్మజిగురును రాత్రి నానబెట్టి, వడగట్టి, మసిలో కొంచెం కొంచెంగా వేస్తూ కల్వంలో నూరాలి. ఓపిక ఉన్నంతసేపు నూరాలి. తక్కువ నూరితే నలుసులు తేలి గీత పలుచబడుతుంది. నీళ్లు కలిపి కుంచెతో వ్రాసి, ఆరిన తరువాత తడివేలితో రాసి చూస్తే జిగురు చాలినదో లేదో తెలుస్తుంది. మా ఇంట మొదటిసారి చాలలేదు, రెండవసారి కుదిరింది. ఆ సిరాతో మా మనుమరాలు తన పేరు తెలుగులో వ్రాసి అమెరికాకు పట్టుకుపోయింది. ఇంట్లో పిల్లి తిరుగుతుంటే మాత్రం సీసాకు మూత బిగించి పెట్టండి.